నలుగు పెట్టుకుంటే చెంప కమిలింది: మొటిమల ముఖానికి ఏ మూలిక వాడవచ్చు, ఏది కూడదు?

శ్రావణి_తెనాలి
వయసు 26. తెనాలి నుంచి రోజూ స్కూటీ మీద గుంటూరు వెళ్లి జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాను. ఏడాదిగా గడ్డం మీద, చెంపల మీద మొటిమలు. క్రీముల జోలికి పోకుండా అమ్మమ్మ చేసిన నలుగు పిండినే నమ్ముకున్నాను. ఇంతకాలం ఆదివారం తలంటుకు ముందు మాత్రమే పెట్టుకునేదాన్ని, ఏ ఇబ్బందీ రాలేదు. మొటిమలు తగ్గడం లేదని రెండు వారాల క్రితం రోజూ ఉదయం పెట్టుకోవడం మొదలుపెట్టాను. జిడ్డు పోతుందని అందులో నిమ్మకాయ కూడా పిండాను.

మూడో రోజు సాయంత్రానికి ఎడమ చెంప మంట. మర్నాటికి ఎర్రగా కంది రెండు చిన్న బొబ్బలు లేచాయి. అవి అణిగాక ఆ చోట కాఫీ రంగు మచ్చ మిగిలింది. గుండ్రంగా కాదు, చారలు చారలుగా ఉంది. ఒక చార దవడ మీదుగా మెడ దాకా దిగింది.

అమ్మమ్మ "అరవై ఏళ్లుగా చేస్తున్న పిండి, ఎవరికీ ఏమీ కాలేదు, అది నీ బండి దుమ్ము" అంటుంది. తోటి లెక్చరరు "ఇంటి వైద్యాలన్నీ అవతల పారెయ్యి" అంటుంది. రెండు మాటలూ నాకు మింగుడు పడడం లేదు. ఆదివారం పడిన పిండి సోమవారం ఎందుకు పడలేదు? అసలు మొటిమలున్న ముఖానికి మూలికలు వాడాలంటే ఎలా వాడాలి?

హాస్టల్_కుర్రాడు
అక్కా, నిమ్మకాయ నాకూ పడలేదు. ఇంటర్ చదివేటప్పుడు మొటిమ మీద వెల్లుల్లి రెబ్బ నలిపి పెట్టుకుని పడుకున్నాను. పొద్దున లేచేసరికి మొటిమ అలాగే ఉంది, దాని చుట్టూ రూపాయి బిళ్లంత చర్మం ఊడింది. ఆ గుర్తు మూడేళ్లకు కూడా పోలేదు.

గోదారి_గట్టు
పచ్చి వెల్లుల్లి కట్టు కట్టి అరికాలు కాల్చుకున్నవాళ్లను చూశాను తమ్ముడూ, ముఖం మీద ఎలా పెట్టావు! దాల్చినచెక్క పొడి, తేనె కలిపి పూసుకోమని వీడియోలు తిరుగుతున్నాయి, అది కూడా అంతే. మా చెల్లెలు పది నిమిషాలు ఉంచుకుని రెండు రోజులు ముఖం వాచి కూర్చుంది.

ఆధారం_చూపండి
శ్రావణిగారూ, మీ తోటి లెక్చరరు చెప్పిందే సరి. వంటింట్లో ఉన్నదంతా ముఖానికి పూయడం అలవాటే తప్ప వైద్యం కాదు. మొటిమ అంటే చర్మరంధ్రం లోపల జిడ్డు, మృతకణాలు కలిసి బిరడాలా బిగుసుకోవడం. ఆ వెనక సూక్ష్మజీవి పెరిగి వాపు వస్తుంది. పిండి పైన రుద్దితే లోపలి బిరడా కదలదు. పైగా వాచిన చోట రుద్దితే వాపు ఇంకా పెరుగుతుంది.

అమ్మమ్మ_మాట
నాకు 67 ఏళ్లు. ముగ్గురు ఆడపిల్లలను, ఐదుగురు మనవలను నలుగు పెట్టి పెంచాను. అలవాటే తప్ప వైద్యం కాదని ఒక్క మాటలో కొట్టిపారేస్తే ఎలా నాయనా? మా రోజుల్లో పిండి నీళ్లతోనో పాలతోనో మీగడతోనో కలిపేవాళ్లం. నిమ్మకాయ పిండడం ఎక్కడిది? అది మీ తరం వాళ్లు చేర్చింది. తప్పు పిండిది కాదు, నిమ్మకాయది.

చర్మవైద్య_విద్యార్థి
చర్మవ్యాధుల విభాగంలో పీజీ చేస్తున్నాను. చూడకుండా రోగం పేరు చెప్పడం పద్ధతి కాదు కాబట్టి ముందు మూడు ప్రశ్నలు.

ఒకటి, అది దురద పెట్టిందా, మంట మండిందా? రెండు, నలుగు కడుక్కున్నాక ఎంతసేపటికి ఎండలోకి వెళ్లారు? మూడు, నిమ్మకాయ ఏ చేత్తో పిండారు? ఆ చేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య చర్మాన్ని వెలుతురులో ఒకసారి చూసుకోండి.

పిండిలో ఏమేమి కలుపుతారో అమ్మమ్మగారిని అడిగి ఒక్కటి కూడా వదలకుండా రాయండి.

శ్రావణి_తెనాలి
దురద లేదు, మంటే. కడుక్కుని, చీర కట్టుకుని, టిఫిన్ తిని బయలుదేరేసరికి ముప్పావు గంట అయ్యేది. దారి దాదాపు నలభై నిమిషాలు. హెల్మెట్ అద్దం ఎత్తుకునే నడుపుతాను.

చెయ్యి చూసుకున్నాను. నిమ్మకాయ కుడి చేత్తో పిండాను. మీరు చెప్పిన చోటే, బొటనవేలికి చూపుడువేలికి మధ్య, గోధుమ రంగు మచ్చ ఉంది! ఇన్ని రోజులూ స్కూటీ గ్రిప్పు రాసుకుందని అనుకున్నాను. మీకెలా తెలిసింది?

అమ్మమ్మ చెప్పిన జాబితా: పెసలు రెండు కిలోలు, శనగపప్పు అర కిలో, గుప్పెడు బియ్యం, కస్తూరి పసుపు, కచ్చూరాలు, బావంచాలు, వట్టివేళ్లు, ఎండు గులాబీ రేకులు, ఎండబెట్టిన నిమ్మతొక్కలు, కొంచెం మెంతులు.

వైద్య_వసంత
బావంచాలు! వాటిని చూడగానే ఆగిపోయాను. నేను ఆయుర్వేద డిగ్రీ బీఏఎంఎస్ చదివి పదకొండేళ్లుగా వైద్యం చేస్తున్నాను.

బావంచాలంటే సంస్కృతంలో బాకుచి. నల్లగా, చదునుగా, కందిగింజ కంటే చిన్నగా ఉంటాయి, నలిపితే ఘాటైన వాసన. ఆయుర్వేదంలో వీటి ముఖ్యమైన ఉపయోగం బొల్లికి. తెల్ల మచ్చ మీద లేపనం చేసి, కొలతగా ఎండ చూపిస్తే అక్కడ రంగు తిరిగి వస్తుందని వాడారు. అంటే ఎండతో కలిసి చర్మానికి రంగు పట్టించే మందు ఇది. దాన్ని మొటిమల ముఖానికి పట్టించి నలభై నిమిషాలు ఎండలో తిరిగితే ఏమవుతుందో మీ చెంప చెబుతోంది.

ఆదివారం ఎందుకు పడిందీ ఇక్కడే తెలుస్తోంది. ఆ రోజు నలుగు, తలస్నానం, భోజనం, నిద్ర, అన్నీ ఇంట్లోనే కదా. చర్మానికి ఎండ తగల్లేదు.

చర్మవైద్య_విద్యార్థి
వసంతగారు చెప్పినదానికి నా వైపు నుంచి రెండో సగం చేరుస్తాను. బావంచాల్లో సోరలెన్ అనే పదార్థం ఉంటుంది. ఆసుపత్రిలో బొల్లికి ఇదే జాతి మందు ఇచ్చి అతినీలలోహిత కాంతి చూపిస్తాం, అదీ నిమిషాలు లెక్కపెట్టి. నిమ్మరసంలో, అంతకంటే ఎక్కువగా నిమ్మతొక్కలో, ఈ కుటుంబానికే చెందిన పదార్థాలు ఉంటాయి. ఇవి అంటిన అరగంట నుంచి రెండు గంటల లోపు చర్మం ఎండకు బాగా లొంగుతుంది. సరిగ్గా ఆ సమయంలోనే మీరు బండి మీద ఉన్నారు.

దీనికి గుర్తులు ఇవి: దురద కన్నా మంట ఎక్కువ, ఒకటి రెండు రోజులు ఆలస్యంగా బయటపడడం, రసం ఎలా జారితే మచ్చ అలా పడడం. మీ మెడ మీద చార అదే. నిమ్మకాయ పిండినవాళ్లకు చేతి మీద కూడా వస్తుంది, అందుకే చెయ్యి చూడమన్నాను. అయినా దగ్గరలోని చర్మవైద్యులకు ఒకసారి చూపించండి, మొటిమల సంగతి కూడా తేలుతుంది.

ఇక అమ్మమ్మ_మాట గారికి. తప్పు నిమ్మకాయదన్నారు, సగం నిజం. కానీ నిమ్మతొక్కలు, బావంచాలు పిండిలోనే ఉన్నాయి కదా. ఏది ఎంత చేసిందో విడదీసి చెప్పలేను. రెండూ తీసేయవలసినవే.

నిమ్మరసంతో ఇంకో గొడవ కూడా ఉంది. మన చర్మం పీహెచ్ సుమారు ఐదు, నిమ్మరసానిది రెండుకు అటూ ఇటూ. పీహెచ్‌లో ఒక్క అంకె తగ్గితే ఆమ్లత్వం పది రెట్లు పెరుగుతుంది. అంటే చర్మం కంటే దాదాపు వెయ్యి రెట్లు ఆమ్లం. వంటసోడా దీనికి తిరగబడిన ప్రమాదం, అది క్షారం. రెండూ చర్మం పైపొరను దెబ్బతీస్తాయి.

అమ్మమ్మ_మాట
బావంచాల సంగతి ఇంతని నాకు తెలియదు. పచారీ కొట్టులో "నలుగు సామాను" అని పొట్లం కట్టి ఇస్తే అలాగే మర పట్టించేదాన్ని. మా పెద్దమ్మాయికి పెళ్లి ముందు నుదురంతా నల్లబడితే ఎండదెబ్బ అనుకున్నాం. పెళ్లి పనులకు మిట్టమధ్యాహ్నం తిరిగింది మరి. ఇప్పుడు గుర్తుకొస్తోంది. శ్రావణీ, మీ అమ్మమ్మను ఏమీ అనకు తల్లీ. మేము చేసింది ప్రేమతోనే.

శ్రావణి_తెనాలి
అనను పెద్దమ్మగారూ. మీ మాట చదివి వినిపించాను. అమ్మమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత "మా అమ్మ బావంచాలు తలనూనెలో వేసేది, పిండిలో వేసేది కాదు" అంది.

పసుపు_రైతు_ఆర్మూరు
పసుపు మాట రాలేదు కాబట్టి నేను చెబుతాను. మాది నిజామాబాద్ జిల్లా, మూడు తరాలుగా పసుపు పండిస్తున్నాం. తవ్విన కొమ్ములు ఉడకబెడతాం, కళ్లం మీద పది పదిహేను రోజులు ఎండబెడతాం, తరువాత డ్రమ్ములో వేసి తిప్పి పాలిష్ చేస్తాం. ఎండిన కొమ్ము మట్టి రంగులో, ముడతలతో ఉంటుంది. పాలిష్ అయ్యాక బంగారు రంగు తేలుతుంది. ఆ తరువాత రైతు చెయ్యి దాటాక, కొన్నిచోట్ల మెరుపు కోసం రంగు కలుపుతారు. లెడ్ క్రోమేట్ అనేది సీసం ఉన్న రంగు. తిండిలోకి రాకూడని విషం, పిల్లలకు మరీ ప్రమాదం.

ఇంట్లో చూసుకోవడానికి ఒక పద్ధతి. గాజు గ్లాసు నీళ్లలో చెంచా పొడి వేసి కదపకుండా ఉంచండి. మంచి పసుపు అడుగుకు దిగి, పైన నీళ్లు లేత పసుపుగా ఉంటాయి. రంగు కలిపినదైతే దిగుతూనే నీళ్లను ముదురు పసుపుగా మార్చేస్తుంది. ఇది మొదటి అంచనాకే, తేల్చేది ప్రయోగశాల. మేమైతే ఇంటికి కొమ్ములే ఉంచుకుని దంచుకుంటాం.

ముఖానికి వాడే కస్తూరి పసుపు వేరే దుంప. దాని వాసన కర్పూరంలా ఉంటుంది, మరక తక్కువ. బజారులో ఆ పేరుతో అమ్మేదంతా అది కాదు.

గోదారి_గట్టు
ఆర్మూరు అన్నా, కొమ్ము ముడతల సంగతి భలే చెప్పారు. మా ఇంట్లో గంధపుసాన మీద పసుపు కొమ్ము అరగదీసే అలవాటు ఇంకా ఉంది. ఈ రోజే గ్లాసు పరీక్ష చేస్తాను.

హాస్టల్_కుర్రాడు
చేశాను. మా మెస్ వంటింటి పసుపు పాసయింది!

ఆధారం_చూపండి
పసుపు కల్తీ సంగతి ఒప్పుకుంటాను. కానీ అసలు ప్రశ్న మిగిలే ఉంది. శుద్ధమైన పసుపైనా, వేపైనా మొటిమను తగ్గిస్తుందని చూపించినవారు ఎవరు? "సహజం కాబట్టి మంచిది" అనే మాట నాకు కోపం తెప్పిస్తుంది. ఉమ్మెత్త కూడా సహజమే.

డల్లాస్_దీప్తి
నేను చూపిస్తాను, వేపకు కాదు, టీ ట్రీ నూనెకు. 1990లో ఆస్ట్రేలియాలో 124 మంది మొటిమల రోగులపై ఒక పరీక్ష జరిగింది. సగం మందికి ఐదు శాతం టీ ట్రీ జెల్, సగం మందికి మొటిమల మందు బెంజాయిల్ పెరాక్సైడ్, అదీ ఐదు శాతమే. రెండింటితోనూ మొటిమలు తగ్గాయి. టీ ట్రీ ఆలస్యంగా పనిచేసింది, కానీ దానితో చర్మం పొడిబారడం, మండడం తక్కువ. తరువాత ఇరాన్‌లో 60 మందిపై చేసిన పరీక్షలో కూడా ఐదు శాతం జెల్ మందు లేని ఉత్తుత్తి జెల్ కంటే మెరుగ్గా కనిపించింది. మూలిక అనగానే కొట్టిపారేయకండి.

కానీ నా తప్పు కూడా చెప్పాలి. ఇది చదివిన ఉత్సాహంలో సీసాలోని నూనెను ఏమీ కలపకుండా దూదితో నేరుగా పెట్టాను. నాలుగు రోజులకు రెండు బుగ్గలూ పొరలు లేచి, నవ్వితే చిట్లేవి. పైగా ఆ సీసా రెండేళ్లుగా బాత్రూము కిటికీలో ఉంది.

చర్మవైద్య_విద్యార్థి
ఆ కిటికీయే అసలు దోషి కావచ్చు దీప్తిగారూ. టీ ట్రీ నూనె గాలికి, వెలుతురుకు పాతబడే కొద్దీ అలర్జీ తెప్పించే పదార్థాలు పెరుగుతాయి. ఐదు శాతం అంటే వంద చుక్కల్లో ఐదు, మిగతా తొంభై ఐదు దాన్ని పలచన చేసే పదార్థం. అది ఇంట్లో ఊహించి కలపడం కంటే తయారైన జెల్ కొనడమే మేలు. లోపలికి మింగకూడదు, అది విషం.

ఆధారం_చూపండి
దీప్తిగారి ఆధారం ఒప్పుకున్నాను. కొలిచి తయారుచేసిన జెల్ వేరు, సీసాలో నూనె వేరు, రోట్లో నూరిన ఆకు వేరు. నేను చెప్పదలచుకున్నదీ ఇదే. మొక్కలో గుణం ఉండడం సరిపోదు, ఎంత ఉందో తెలియాలి. మరి వేప?

వైద్య_వసంత
వేపాకులో సూక్ష్మజీవులను అణిచే గుణం ప్రయోగశాలలో కనిపిస్తుంది. ముఖం మీద మొటిమలకు అది ఖాయమైన మందు అని నేను చెప్పను. నా దగ్గరికి వచ్చేవారిలో కొందరికి ఉపశమనం ఉంటుంది, కొందరికి పచ్చి ఆకు ముద్దతోనే ఒళ్లంతా కంది వస్తుంది.

ఇక్కడ నాకు చాలా రోజులుగా మనసులో ఉన్న మాట చెప్పాలి. ఈ రోజుల్లో "ప్యాక్" పేరుతో చేసేది ఆయుర్వేదం కాదు. మొటిమలను మన గ్రంథాల్లో యౌవన పిడకలు, ముఖదూషికలు అన్నారు. బూరుగు చెట్టు ముళ్లలా ఉంటాయని సుశ్రుతుడు పోల్చాడు. వాటికి చెప్పిన లేపాల్లో ప్రసిద్ధమైనది లొద్దుగ చెక్క, ధనియాలు, వస కలిపినది. లేపానికి శార్ఙ్గధరుడు అనే ఆయుర్వేద గ్రంథకర్త నియమాలు పెట్టాడు. రాత్రిపూట లేపం వేయకూడదు. ఎండిపోయేదాకా ఉంచకూడదు. నిన్న నూరినది ఈ రోజు వేయకూడదన్నది కూడా పాత నియమమే.

ఇప్పుడు మనం చేసేది ఏమిటి? ముల్తానీ మట్టి పూసి, అది బిగుసుకుని, నోరు తెరిస్తే పగిలేదాకా కూర్చుంటాం. మిగిలింది గిన్నెలో పెట్టి ఫ్రిజ్‌లో దాస్తాం. వందల ఏళ్ల క్రితమే వద్దన్న పనులు రెండూ చేసి, పడకపోతే ఆయుర్వేదాన్ని తిడతాం. తడి ఆరకముందే, ఐదు పది నిమిషాల్లో, మెత్తని గుడ్డ తడిపి తుడిచేయండి. గోకి రాల్చవద్దు.

అమ్మమ్మ_మాట
నలుగు మాత్రం ఆరాక నలిచి రాల్చడమే అలవాటు. ముఖం మీద మొటిమలుంటే అది కూడదన్నమాట. ఒంటికి నలుగు, ముఖానికి తుడుపు. గుర్తుపెట్టుకుంటాను వసంతమ్మా.

కడప_కరుణ
నేను చెప్పేది నలుగు గురించి కాదు, అంతకంటే ప్రమాదమైనది. 2021లో పెళ్లికి ముందు మా ఊళ్లో ఒక బ్యూటీ పార్లర్‌లో చిన్న తెల్ల డబ్బా ఇచ్చారు. "మూలికలతో చేసిన క్రీము, ఏ దుష్ప్రభావమూ ఉండదు." డబ్బా మీద పేరు లేదు, తయారీ తేదీ లేదు. నాలుగు రోజుల్లో మొటిమలన్నీ మాయం. అద్దం ముందు నుంచి కదలాలనిపించేది కాదు. అందరూ నా ముఖం చూసి అడిగితే నేనే ఆ డబ్బా మరో ఇద్దరికి ఇప్పించాను. అది తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఐదు నెలలు రాశాను. ఒక వారం దొరకలేదు. రెండో రోజుకే ముఖం ఎర్రగా, పొయ్యి ముందు కూర్చున్నట్టు సెగలు. చిన్న చిన్న చీము పొక్కులు వందల్లో. పెదవి పైన నూగు పెరిగింది. డాక్టరు చూడగానే "ఎన్ని నెలలుగా స్టెరాయిడ్ రాస్తున్నావమ్మా?" అన్నారు. నేను మూలికలే అన్నాను. ఆవిడ నా చెంప మీద సన్నని ఎర్రని నరాలను అద్దంలో చూపించారు. చర్మం పలచబడి అవి పైకి కనిపిస్తున్నాయట. మామూలు స్థితికి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది.

మందుల_కొట్టు_మూర్తి
కరుణమ్మా, నీలాంటివాళ్లు వారానికి ఇద్దరు మా కొట్టుకు వస్తారు. స్టెరాయిడ్ క్రీములను 2018లో షెడ్యూల్ హెచ్‌లో చేర్చారు, చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా అడుగుతూనే ఉంటారు. ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్ అని ఉంటే అవి స్టెరాయిడ్లే. పేరు రాసిన ట్యూబును కనీసం గుర్తుపట్టవచ్చు, పేరే లేని డబ్బాతో ఏమీ చేయలేం. తెల్లబడే క్రీముల్లో కొన్నింటిలో పాదరసం కూడా కలుపుతారు. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో ఇలాంటి క్రీములు రాసుకున్నవారికి కిడ్నీ జబ్బులు వచ్చాయి.

నిజమైన ఆయుర్వేద మందు పెట్టె మీద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, అందులోని మూలికల పేర్లు ఉండాలి, ఇది చట్టం. ఇవి లేని డబ్బా ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. మూలిక ఏదైనా నాలుగు రోజుల్లో ముఖం అద్దంలా చేసిందంటే అనుమానించండి.

నిర్వాహకుడు
ఇప్పుడే ఒక సభ్యుడు ఫోను నంబరు ఇచ్చి "మూలికా క్రీము ఇంటికి పంపుతాం" అని పెట్టిన సందేశం తొలగించాను. కరుణగారి అనుభవం కింద అది పెట్టడం దారుణం.

గోదారి_గట్టు
మంచి పని చేశారు.

కాకినాడ_కవిత
నాకు నుదుటి మీద మాత్రమే వస్తాయి. అన్నీ ఒకే సైజు, ఆవగింజల్లా, చెమట పడితే దురద. కొబ్బరినూనెలో వేపాకు కాచి రాస్తున్నాను, ఇంకా పెరుగుతున్నాయి. నూనె తక్కువైందా?

చర్మవైద్య_విద్యార్థి
నూనె ఎక్కువైంది. ఈ రోజు నుంచి ముఖానికి ఆపేయండి. కొబ్బరినూనె మొటిమల చర్మానికి రంధ్రాలు పూడ్చే నూనె, అందులో వేపాకు వేసినా నూనె నూనే. పైగా ఒకే సైజు, దురద, నుదురు అంటున్నారు. అది మొటిమ కాకపోవచ్చు, చర్మం మీద ఉండే ఒక ఈస్ట్ వల్ల వచ్చే పొక్కులు కావచ్చు. ఆ ఈస్ట్ నూనె మీదే బతుకుతుంది. దాని మందు పూర్తిగా వేరు, చూపించుకుని తీసుకోండి.

శ్రావణిగారికి కూడా ఒక మాట. గడ్డం, దవడ మీద 26 ఏళ్లకు మొటిమలు వస్తుంటే, నెలసరి తప్పుతోందా, గడ్డం మీద వెంట్రుకలు పెరుగుతున్నాయా అని డాక్టరు అడుగుతారు. అలా ఉంటే హార్మోన్ల సంగతి చూడాలి. దానికి ఏ లేపమూ సరిపోదు.

హాస్టల్_కుర్రాడు
కలబంద అయితే ఫరవాలేదా? మా హాస్టల్ వెనక ఉంది. కోసి అలాగే రుద్దుకుంటున్నాం.

వైద్య_వసంత
అలాగే రుద్దకు బాబూ. మట్టను కోయగానే తొక్క దగ్గర నుంచి పసుపుపచ్చని చేదు పాలు కారతాయి. దురద, మంట వాటి వల్లే. కోసిన చివర కిందికి ఉండేలా గ్లాసులో నిలబెట్టు, పావుగంటలో పాలు కారిపోతాయి. తరువాత అంచు ముళ్లు, తొక్క తీసి, లోపలి గుజ్జును రెండు సార్లు నీళ్లతో కడిగి వాడు. అది చల్లదనం ఇస్తుంది, మందుల వల్ల పొడిబారిన ముఖానికి హాయిగా ఉంటుంది. మొటిమలను పోగొడుతుందని మాత్రం ఆశపడకు.

ఏది కొత్తగా వాడినా ముందు మోచేతి మడతలో రూపాయి బిళ్లంత చోట రోజుకు రెండు సార్లు, వారం పది రోజులు రాసి చూడాలి. ఒక్కరోజు రాసి "పడింది" అనుకోవద్దు, అలర్జీ చాలాసార్లు నాలుగైదు రోజులకు గాని బయటపడదు. ఒకేసారి పది దినుసులు కలిపితే, పడకపోయినప్పుడు ఏది పడలేదో శ్రావణిగారిలా వెతుక్కోవాలి.

డల్లాస్_దీప్తి
చివరికి నాకు తగ్గింది అడాపలీన్ అనే మొటిమల మందు 0.1 శాతం జెల్‌తో. ఇక్కడ అమెరికాలో 2016 నుంచి చీటీ లేకుండా దొరుకుతోంది, అక్కడ డాక్టరును అడిగి వాడండి. రాత్రి బఠాణీ గింజంత, ముఖమంతటికీ. మొదటి నెల పొరలు లేచింది, పన్నెండు వారాలకు మార్పు కనిపించింది. అది వాడే రోజుల్లో నిమ్మకాయ, నలుగు, ముల్తానీ మట్టి అన్నీ ఆపేశాను. కడుపుతో ఉన్నవాళ్లు, పిల్లల కోసం చూస్తున్నవాళ్లు ఇది వాడకూడదు.

ఆధారం_చూపండి
పన్నెండు వారాలు. ఎవరికీ ఇది చెప్పేవారు ఉండరు, అందుకే పదిహేను రోజులకొకటి మారుస్తారు.

శ్రావణి_తెనాలి
ఆరు వారాల తరువాత రాస్తున్నాను. డాక్టరుకు చూపించాను. చర్మవైద్య_విద్యార్థి అనుమానించిందే నిజమైంది. మచ్చ పోవడానికి ఇంకో రెండు మూడు నెలలు పట్టవచ్చన్నారు. ఎస్పీఎఫ్ 30 సన్‌స్క్రీన్, రాత్రికి అడాపలీన్ ఇచ్చారు. చెంప మీది మచ్చ ఇప్పుడు పలచని టీ రంగుకు వచ్చింది, చేతి మీదిది ఇంకా ముదురుగానే ఉంది. హెల్మెట్ అద్దం దించుకునే నడుపుతున్నాను. కొత్త మొటిమలు తగ్గాయి, పూర్తిగా పోలేదు.

అమ్మమ్మ పాత పిండి డబ్బా ఖాళీ చేయించి, కొత్తది మర పట్టించింది. పెసలు, బియ్యం, గులాబీ రేకులు, అంతే. ఒంటికి మాత్రమే. బావంచాల పొట్లం పారేయడానికి మనసొప్పలేదు. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి దాన్ని పాత చీర ముక్కలో మూటకట్టి, వణికే అక్షరాలతో "ముఖానికి కాదు" అని కాగితం రాసి పైన గుచ్చింది.

అమ్మమ్మ_మాట
ఆ కాగితం మాట చదివి కళ్లు చెమర్చాయి తల్లీ. నేను కూడా అలాగే రాసి పెడతాను.

కాకినాడ_కవిత
నాది ఈస్ట్ పొక్కులేనట. మందు మొదలుపెట్టి నెల, నుదురు నున్నబడింది. ఒక సందేహం. శ్రావణిగారి అమ్మమ్మగారు బావంచాలు తలనూనెలో వేసేవారన్నారు కదా, మా ఇంట్లో కూడా అదే నూనె. తల దువ్వుకుని బయటికి వెళితే చెమటకు అది నుదుటి మీదికి కారుతుంది. దానితో కూడా ఇదే జరుగుతుందా?

చర్మవైద్య_విద్యార్థి
జరగవచ్చు. ఎండలోకి వెళ్లే రోజు ఆ నూనె వద్దు. ఆ గింజలు లేకపోయినా తలనూనె నుదుటికి కారితే అక్కడ పొక్కులు వస్తాయి. రాసుకోవాలనుంటే స్నానానికి గంట ముందు ఇంట్లో రాసుకుని తలంటుకోండి, దిండు గలీబు తరచూ ఉతకండి.

శ్రావణి_తెనాలి
ఆ నూనె సీసా మా ఇంట్లో కూడా ఉంది. అడుగున నల్లగా ఏవో గింజలు పేరుకుని ఉన్నాయి. ఇప్పుడే అమ్మమ్మను పిలిచి వడగట్టించి చూస్తాను.